మోరిస్ మీటరులో దీపం

కనకమ్మసత్రం దాటి కొంత దూరం వచ్చాక మోరిస్ కారు దగ్గింది. ఇంకోసారి దగ్గింది. తర్వాత ఆ దగ్గు కూడా ఆగిపోయి, సడి లేకుండా జారుకుంటూ వెళ్ళి రోడ్డు వార చింతచెట్టు కింద నిలబడిపోయింది.

పొద్దు గూకి కాసేపయింది. సుదర్శనం స్టీరింగు మీంచి చేతులు తీయకుండా కాసేపు ముందుకు చూశాడు. తర్వాత స్టార్టరు పిడి పట్టి లాగాడు. ఇంజను కిర్రుకిర్రుమని తిరిగింది గాని అందుకోలేదు.

“పెట్రోలు అయిపోయినట్టుండాది వనజా,” అన్నాడు.

“అదెట్ల అయిపోతుంది బావా? సగం ఉండాది కదా!” అంది వనజాక్షి.

ఆ సగం మాట ఆమెదే. తిరుత్తణి కొండ మీద కృత్తిక నాటి స్వామి దర్శనం చేసుకుని, కొండ దిగి, మునిమాపు మసకలో ఊరు దాటుతుండగా పెట్రోలు బంకు దగ్గర ఆయన కారు నెమ్మది చేశాడు. “ముల్లు యాడుండాదో రొంత చూడు” అని అడిగాడు. ఆమె ముందుకు వంగి చూసి, “సగం ఉండాది. ఇల్లు చేరను చాలు” అంది. ఆయన ఒక్క క్షణం తటపటాయించినట్టు చేసి, బంకులోకి తిప్పకుండా నేరుగా వచ్చేశాడు.

ఇప్పుడు సుదర్శనం దిగి, డిక్కీలోంచి ప్లాస్టిక్ క్యాను తీసుకుని, పాల బిందెలు తగిలించుకుని వస్తున్న మోపెడ్‌కు చెయ్యెత్తాడు. “తలుపులు ఏసుకోని కూసో, ఇట్ల పోయి అట్ల వచ్చేస్తా” అని దాని వెనక ఎక్కి వెళ్ళిపోయాడు.

వనజాక్షి ఒక్కతే కారులో మిగిలింది. చెయ్యి చాచి మీటరు దీపం స్విచ్చి లాగింది. ఆ కారులో మీటరు డ్రైవరు ముందు ఉండదు. డాష్‌బోర్డుకు సరిగ్గా నడిమధ్యన, పళ్ళెమంత గుండ్రంగా ఉంటుంది. నడిపేవాళ్ళకు ఎంత ఎదురో పక్కన కూర్చున్నవాళ్ళకూ అంతే ఎదురు. వేగం చూపే పెద్ద ముల్లు పైన, పెట్రోలు చూపే చిన్న ముల్లు కింద. దీపం వెలిగిందే గాని, వెలిగిందని చెప్పుకోవాలి అంతే. పాత తేనెలో ముంచి తీసినట్టు ఏదో గోధుమరంగు మసక. అందులో ముల్లు ఎక్కడుందో, దాని నీడ ఎక్కడుందో తెలియలేదు. గోటితో అద్దం మీద టకటక కొట్టింది. ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా వంగింది. అప్పుడు కనబడింది, చిన్న ముల్లు అడుగున పడుకుని ఉండటం.

ఒళ్ళంతా వేడెక్కినట్టయింది ఆమెకు. సిగ్గుతో.

వనజాక్షి ఉద్యోగమంతా మీటర్లతోనే గడిచింది. ఆత్తిపట్టు దగ్గరి థర్మల్ స్టేషన్లో, మీటర్లు సరిచూసే విభాగంలో పనిచేసింది. ఆవిరి ఒత్తిడికి ఒక మీటరు, నూనె వేడికి ఒకటి, నీటి మట్టానికి ఒకటి. ఏ ముల్లు నిజం చెబుతోంది, ఏది అబద్ధం చెబుతోంది అని తేల్చడం ఆమె పని. పక్కవాళ్ళు ఎవరైనా “అటూ ఇటుగా అరవై” అంటే ఒప్పుకునేది కాదు. “అటా? ఇటా? ఏదో ఒకటి చెప్పు” అనేది. ఆమె చూసి చెప్పిన అంకెను మళ్ళీ ఎవరూ చూసేవారు కాదు. రిటైరై, అక్కడి క్వార్టర్స్ ఖాళీ చేసి, తిరువళ్ళూరు బజారులో సుదర్శనం పాత్రల అంగడి వెనక ఉన్న ఇంటికి వచ్చేశాక కూడా, వీధిలో ఎవరి బీపీ మిషను మొరాయించినా, ఎవరి గ్యాసు స్టవ్వు సరిగా మండకపోయినా ఆమె చేతికే వచ్చేది. అలాంటి మనిషి ఖాళీ ట్యాంకు చూసి సగం అంది.

సుదర్శనం క్యానుతో తిరిగి వచ్చేసరికి చీకటి చిక్కబడుతోంది. పెట్రోలు పోస్తూ, ఆమె ముఖం చూసి, “పోనీలే వనజా. దాంట్లో ఎలుగుంటే కదా, ఎవురికైనా అవుపడేది” అన్నాడు.

ఆ మాటను ఆమె గట్టిగా పట్టుకుంది. నిజమే, వెలుగు లేదు. తప్పు దీపానిది. అయితే దీపాన్ని బాగుచేస్తే సరిపోతుంది.

మర్నాడు ఆయన అంగడికి పోగానే పనిముట్ల పెట్టె తీసుకుని షెడ్డులోకి వెళ్ళింది. ఆ కారు ఆమె నాన్న గుర్నాథం ఆర్.కె.పేటలో బట్టల అంగడి నడిపే రోజుల్లో మద్రాసులో ఎవరో ఇంజనీరు దగ్గర కొన్నది. సుదర్శనం ఆయనకు మేనల్లుడు. డ్రైవింగు నేర్చుకున్నది ఆ కారులోనే, మేనమామ కూతురిని పెళ్ళి చేసుకుని ఊరేగిందీ ఆ కారులోనే. నాన్న పోయాక అది వాళ్ళింటికి వచ్చింది. ఇంజను సంగతి సుదర్శనం చూసుకుంటాడు. తీగల జోలికి మాత్రం ఇన్నేళ్ళుగా ఎవరూ పోలేదు.

ముందు బ్యాటరీ తీగ విప్పింది. డాష్‌బోర్డు పలక మరలు తీసి, వెనకకు చెయ్యి దూర్చి, వేగం చూపే ముల్లును తిప్పే కేబులును వేళ్ళతోనే తడిమి వదులు చేసింది. మీటరు మెల్లగా చేతిలోకి వచ్చింది, వెనకాల తీగలతో సహా. అరుగు మీద గోనె పరిచి దాన్ని బోర్లించింది.

ఎందుకు మసకబారిందో చూడగానే అర్థమైంది. గోలీకాయంత చిన్న బల్బులు రెండు. వాటి గాజు లోపల పొగచూరినట్టు నల్లబడింది. బల్బులు కూర్చునే గుబ్బలకు తుప్పు. ఆ బల్బులకు కరెంటు ఒక తీగలో వస్తుంది, తిరిగి పోవడానికి తీగ లేదు, కారు ఒంటి రేకే దానికి దారి. రేకుకూ గుబ్బకూ మధ్య తుప్పు పేరుకుంటే కరెంటు ఈడ్చుకుంటూ పోవాల్సిందే. అన్నిటికన్నా మీటరు డబ్బా లోపలి గోడలు. ఒకప్పుడు వాటికి తెల్ల రంగు వేసి ఉండాలి, వెలుతురు ఆ తెలుపు మీద పడి అంకెల మీదికి పరుచుకోవడానికి. ఇప్పుడది వెచ్చబెట్టి మరిచిపోయిన పాల గిన్నె అడుగులా ఉంది.

సన్న గరుకు కాగితంతో తుప్పు రుద్దింది. రెండు గుబ్బలకూ కొత్తగా ఒక తీగ అతికి, దాన్ని తీసుకుపోయి కారు రేకు మీద, రంగు గీకిన చోట మరతో బిగించింది. డబ్బా లోపల మెత్తటి గుడ్డతో తుడిచి తెల్ల ఎనామిల్ పూసింది. అది ఆరేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ తీరిక కూడా ఆమెకు హాయిగానే ఉంది. చాలాకాలం తర్వాత చేతులకు తమ భాష మాట్లాడుకునే అవకాశం దొరికినట్టుంది. ఒక్కటే చిరాకు. సన్న మరలను గాడిలో పెట్టేటప్పుడు స్క్రూడ్రైవరు మాటిమాటికీ పక్కకు జారిపోయింది. షెడ్డులో వెలుతురు చాలదనుకుని పనంతా వాకిట్లోకి మార్చుకుంది.

అన్నీ బిగించిన రోజు మధ్యాహ్నం, సుదర్శనం భోజనానికి వచ్చినప్పుడు, చీకటి దాకా ఆగే ఓపిక లేక ఇంట్లోని కంబళ్ళన్నీ తెచ్చి కారు అద్దాల మీద కప్పింది. “రా బావా, లోపల కూసో” అని ఆయన్ను లాగింది. ఇద్దరూ చీకట్లో ఉక్కపోతలో కూర్చున్నారు. ఆమె స్విచ్చి లాగింది.

“అబ్బా!” అన్నాడు సుదర్శనం. “ఎంత బాగుండాదే! మామ ఉన్న కాలంలో ఇట్లుండె.”

వనజాక్షి కళ్ళు చికిలించింది. మునుపటికన్నా మేలే. కానీ ముల్లు చుట్టూ ఇంకా మంచు కమ్మినట్టే ఉంది.

“ఇదా బాగుండేది? అంకెలే తెలియలేదే,” అంది.

“బాగా తెలుస్తా ఉండాయి కదా.”

“నన్ను సంతోషపెట్టను చెప్పబాక. నీ కండ్లకేమి తెలుస్తుంది. ఒకసారి డాక్టరుకు చూపించుకో బావా.”

“సరేలే,” అన్నాడు ఆయన. ఇంకేదో అనబోయి మానుకున్నాడు.

ఇంతలో బయట ఎవరో కంబళి ఎత్తి లోపలికి తొంగి చూశారు. పక్కింటి గోవిందమ్మ. పట్టపగలు కారుకు కంబళ్ళు కప్పి లోపల మొగుడూ పెళ్ళాం కూర్చుని ఉండటం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఏమక్కా, జొరమా బండికి?” అని, నవ్వాపుకోలేక వెళ్ళిపోయింది. సుదర్శనం నవ్వి నవ్వి చెమటలు తుడుచుకున్నాడు. వనజాక్షి నవ్వలేదు. ఆమె మీటరునే చూస్తోంది.

సాయంత్రం కొత్త బల్బుల కోసం బస్టాండు దగ్గరి శశికుమార్ అంగడికి వెళ్ళింది. బండ్లకు తీగల పని చేస్తాడతను. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం.

“అక్కా, ఈ కాలంలో ఎవురక్కా ఆ గుండు బల్బులు పెట్టుకునేది? ఎల్ఈడీ ఏసుకో. బాగా పగలు మాదిరి ఉంటుంది,” అని రెండు చిన్న బల్బులు చేతిలో పెట్టాడు.

ఇంటికి తెచ్చి బిగిస్తే వెలగలేదు. తీసి మళ్ళీ బిగించింది. ఊహూ. మర్నాడు పట్టుకుపోయి ఇస్తే, శశికుమార్ తన బ్యాటరీకి తగిలించి చూశాడు. భగ్గున వెలిగాయి.

“చూడక్కా, బల్బు బాగానే ఉండాది.”

వనజాక్షి ఆ బల్బును, అతని బ్యాటరీని మార్చి మార్చి చూసి, నెత్తి మీద చిన్నగా కొట్టుకుంది. ఇప్పటి బండ్లకు బ్యాటరీ నెగటివు కొనను ఒంటి రేకుకు కలుపుతారు. ఆ కాలపు ఇంగ్లీషు బండికి పాజిటివు కొనను కలిపారు. పాత బల్బుకు కరెంటు ఎటునుంచి వచ్చినా ఒకటే. ఎల్ఈడీకి దారి ఒక వైపే.

“మా బండి తలకిందుల బండి శశీ,” అంది.

“నేను పుట్టకముందర బండి కదక్కా, దాని బుద్ధి నాకెట్ల తెలుస్తుంది?” అని అతను నవ్వి, బల్బుల తోకలు ఊడదీసి తిరగేసి అతికి ఇచ్చాడు.

ఈసారి వెలిగాయి. వెలిగాయంటే మామూలుగా కాదు, మీటరు మధ్యన తెల్లటి పువ్వు విచ్చుకున్నట్టు కనిపించింది ఆమెకు. వెలుగు రేకులు రేకులుగా నాలుగు పక్కలకూ చీలింది. కానీ అంకెలు ఆ వెలుగులో అలుక్కుపోయాయి. ఇది అద్దం మీది మురికి అనుకుంది. మీటరు మళ్ళీ విప్పి, అద్దం చుట్టూ ఉన్న ఇత్తడి కమ్మీ ఊడదీసి, అద్దాన్ని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టి పెట్టింది. అయినా అంతే. అద్దమే పాతబడి మసకేసిందనుకుని, మద్రాసులో కొత్తది కోయించుకు రావాలని మనసులో అనుకుంది. సుదర్శనాన్ని అడిగితే, “ఇప్పుడు దివ్యంగా ఉండాది. ఇంగ దాన్ని విప్పబాక” అన్నాడు. ఆయన కళ్ళ మీద ఆమెకు నమ్మకం లేదు కాబట్టి ఆ మాటను లెక్కచేయలేదు.

ఆ రోజుల్లోనే సుదర్శనం అక్క వరదమ్మ తిరువళ్ళూరు వచ్చింది. తిరుత్తణిలో కొడుకు దగ్గర ఉంటుంది ఆమె. డెబ్భై దాటినా నోటికీ కాళ్ళకూ విశ్రాంతి లేని మనిషి. తమ్ముడింట కొన్నాళ్ళు ఉండి, వీరరాఘవస్వామి గుడికి పొద్దూ మాపూ పోయి, ఇక ఊరికి దిగబెట్టమంది. పొద్దుండగానే బయల్దేరాలనుకున్నారు గాని, వరదమ్మ మనవరాలికి పావడాగుడ్డ తీసుకోవడానికి ఒక అంగడి చాలక మూడు అంగళ్ళు తిరిగింది. కారు ఊరు దాటేసరికే ఆకాశం ఎర్రబడింది. కనకమ్మసత్రం వచ్చేసరికి దీపాలు వేయక తప్పలేదు. సుదర్శనం మీటరు స్విచ్చి కూడా లాగాడు.

“ఏమే వనజా, ఇదేంటికి టెంటు హాల్లో సినిమా మాదిరి ఎలుగుతా ఉండాది?” అంది వెనక సీటులోంచి వరదమ్మ.

“నేనే బాగుచేసినా వదినా. బాగుండాదా?”

“బాగుండకేమి? ఈడ వెనకాల కూసోనుండే నాకే అంకెలన్నీ అవుపడ్తా ఉండాయి. రేయ్ సుదర్శనా, నలభై దాటినావు, మెల్లగా పోరా.”

“అవి మైళ్ళక్కా.”

“ఏ మైళ్ళయితే ఏమి, నలభై నలభయ్యే.”

వనజాక్షి మీటరు వైపు తిరిగింది. తెల్లటి పువ్వు. రేకులు. అందులో ఎక్కడో ముల్లు ఉండాలి.

“వదినా,” అంది, “కింద ఇంగో చిన్న ముల్లుంటుంది చూడు. అది యాడుండాది?”

“అదా? సగానికి రొంత కింద ఉండాది.”

“నీకు బావా?”

సుదర్శనం ఎదురుగా వస్తున్న లారీకి దారిచ్చి, అది పోయాక, “అంతే వనజా. సగానికి రొంత కింద” అన్నాడు మెల్లగా.

వనజాక్షి అరచేత్తో ఎడమ కన్ను మూసుకుంది. పువ్వు ఇంకా మసకయింది. చెయ్యి మార్చి కుడి కన్ను మూసుకుంది. అంకెలు లీలగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు కనబడ్డాయి. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. థర్మల్ స్టేషన్లో కొత్తవాళ్ళకు ఆమె మొట్టమొదట నేర్పే సంగతి ఒకటుంది: మూడు మీటర్లలో రెండు ఒక మాట చెప్పి, ఒకటి ఇంకో మాట చెబితే, ముందు ఆ ఒక్కదాన్ని విప్పి చూడాలి. ఇన్నాళ్ళూ ఆమె బల్బు విప్పింది, తీగ విప్పింది, అద్దం విప్పింది. మొగుడి కళ్ళను అనుమానించింది. ఆ ఒక్కటీ తానేనని ఒక్కసారి కూడా తోచలేదు.

తిరుత్తణి చేరేదాకా వరదమ్మ పావడాగుడ్డ రంగు గురించి మాట్లాడుతూనే ఉంది.

వరదమ్మ ఇంటి ముందు తిన్నె మీద కాఫీ గ్లాసులు పట్టుకుని మొగుడూ పెళ్ళాం కూర్చున్నారు. వరదమ్మ లోపలికి పోయి కోడలికి గుడ్డ చూపిస్తోంది.

“బావా,” అంది వనజాక్షి. “ఆ పొద్దు పెట్రోలు అయిపోయినప్పుడు... నన్ను అడిగితివి కదా, ముల్లు యాడుండాదని. నీకు యాడ అవుపడింది?”

సుదర్శనం కాఫీ ఊదుకున్నాడు. ఆ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఎదురుచూస్తున్నవాడిలా ఉన్నాడు.

“అడుక్కు అంటుకోనుండాదనిపించింది,” అన్నాడు.

“మరి బంకులోకి ఏంటికి తిప్పలేదు?”

“నీవు సగం అంటివి కదా.”

“నేనంటే?”

“మీటరు చూసి నీవు ఒక మాట చెప్పినాక, ఇంగ నేనేమి చూసేది వనజా? మసక ఎలుగు కదా, నా కండ్లే తప్పనుకున్నా.”

వనజాక్షి గ్లాసు కింద పెట్టింది. నవ్వు వచ్చింది ఆమెకు. ఊళ్ళో అందరూ తన మాట నమ్మేవారు, అది ఆమెకు తెలుసు. కానీ తన కంటికి కనబడుతున్నదాన్ని కాదనుకుని ఆమె మాట నమ్మి, చీకట్లో పాల మోపెడ్ వెనక క్యాను పట్టుకుని పోయిన మనిషి వైపు ఇప్పుడు తిరిగి చూసింది.

“తర్వాత తెలిసింది కదా నీకు? నా కండ్లే బాగలేదని,” అంది.

“కంబళి కప్పిన పొద్దు తెలిసింది.”

“చెప్పకూడదా?”

“చెప్తే వింటావా నీవు? నీ చేతిలో పని ఉండాది. పని అయినాక నీకే తెలుస్తుందిలే అనుకున్నా.” గ్లాసు తిన్నె మీద పెట్టి అన్నాడు: “ఎట్ల చెప్పేదో కూడా తెలియలేదు.”

లోపలి నుంచి వరదమ్మ వచ్చి సంగతి విని నెత్తీ నోరూ కొట్టుకోలేదు. “ఓస్, కంటి పొరే కదా? పోయినేడు నాకూ కోసినారు. చీమ కుట్టినట్టు కూడా ఉండదు. రేపే పో,” అంది.

మర్నాడే వెళ్ళారు. తిరువళ్ళూరులో కళ్ళ ఆస్పత్రి డాక్టరు పేరు జనని. చిన్న వయసు, నింపాదిగా మాట్లాడుతుంది. ఇద్దరి కళ్ళూ చూసింది. సుదర్శనానికి చదువుకునే కళ్ళద్దాలు తప్ప ఏమీ అక్కర్లేదంది. వనజాక్షికి రెండు కళ్ళలోనూ శుక్లం పొర, కుడివైపు బాగా ముదిరిందట.

“ఇంత దాకా ఎట్ల తెలియకుండా ఉన్నారమ్మా?” అని అడిగింది డాక్టరు.

“ఎలుగు చాలదనుకుంటిని,” అంది వనజాక్షి. తర్వాత, ఆ ముందు రాత్రంతా తనను తొలిచిన మాట అడిగింది. “నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే ఇది ఉండిందా డాక్టర్? మీటర్లు చూసే పని నాది.”

ఎప్పుడు రిటైరయ్యారని అడిగి, జనని తల అడ్డంగా ఊపింది. “అప్పుడుంటే ఇప్పటికి ఇంకా ముదిరిపోయుండేది. ఇది ఈమధ్యదే. మీ లెక్కలన్నీ సరిగానే ఉండుంటాయి, భయపడబాకండి.”

ఆ మాటతో వనజాక్షి గుండెల మీంచి పెద్ద బండ దిగింది. ఆపరేషను సంగతి తర్వాత ఆమెకు చిన్నదిగానే తోచింది.

ముందు కుడి కంటికి చేశారు. కట్టు విప్పిన నాడు ఆస్పత్రి గోడ చూసి, ఇంత తెలుపు ఉంటుందా అనుకుంది. ఇంటికి వస్తే వంటింటి గోడ కూడా అంతే. దాన్ని ఆమె ఇన్నాళ్ళూ లేత పసుపు అనుకుంటోంది. అంగట్లో వరసగా పేర్చిన ఇత్తడి బిందెలు ఒకదాని అంచు ఒకదాని మీద పడకుండా విడివిడిగా మెరిశాయి. సుదర్శనం కనుబొమలు ఎప్పుడు నెరిశాయో, వాటిలో ఒక వెంట్రుక మాత్రం మొండిగా నల్లగా ఎందుకు మిగిలిందో చాలాసేపు చూసింది. “ఏంది అట్ల చూస్తావు?” అని ఆయన సిగ్గుపడ్డాడు.

రెండో కన్ను కూడా అయి, చుక్కల మందు పూర్తయి, ముఖం కడుక్కోవచ్చని చెప్పాక ఒక సాయంత్రం ఊరి చివరి సంత నుంచి కూరగాయలు తేవడానికి ఇద్దరూ కారులో బయల్దేరారు. మునిమాపు వేళ. సుదర్శనం దీపాలు వేసి, ఆమె పక్కనుందని మరిచి అలవాటుగా ఒక పని చేశాడు. భుజం మీది తువ్వాలు తీసి మీటరు మీద కప్పాడు.

“ఏంది బావా అది?”

ఆయన దొరికిపోయినవాడిలా నవ్వాడు. “ఏమీ లేదు. ఊరికే.”

ఆమె తువ్వాలు లాగేసింది. లాగి, వెంటనే కళ్ళు మూసుకుంది. కత్తితో కోసినట్టున్న నీలపు తెల్లటి వెలుగు, ముందు అద్దంలో కూడా దాని ప్రతిబింబం. రోడ్డు కన్నా మీటరే ఎక్కువగా కనబడుతోంది. పక్కన పోతున్న సైకిలు మనిషి కూడా తల తిప్పి చూశాడు.

“ఇన్నాళ్ళూ ఈ ఎలుగులోనే నడిపినావా?”

“తువ్వాలు ఏసుకోని,” అన్నాడు సుదర్శనం. “నీవు అంత కష్టపడి చేసినావు కదా.”

అప్పుడు నవ్వింది వనజాక్షి. నడిబజారులో, కారు ఆపించి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. కంబళి రోజున నవ్వవలసిన నవ్వు కూడా కలిపి నవ్వినట్టుంది అది.

మర్నాడు పొద్దున మళ్ళీ మీటరు విప్పింది. ఈసారి షెడ్డులోనే. మరలు ఒక్కటీ గాడి తప్పలేదు. తెల్ల ఎనామిల్ పని ఆమె అనుకున్నంత బాగా రాలేదని ఇప్పుడు తెలిసింది, మూలల్లో కుంచె జాడలు కనబడుతున్నాయి, ఒకచోట ఒక దోమ కూడా రంగులో అతుక్కుని ఎండిపోయి ఉంది. దోమను తీసి, మూలలు సరిచేసి, శశికుమార్ అంగట్లో అడుగున ఎక్కడో దొరికిన గుండు బల్బులు రెండు పెట్టింది. ఎల్ఈడీలను అతనికే తిరిగి ఇచ్చేసింది. కొత్త తీగ, తుడిచిన తుప్పు, పూసిన తెలుపు, ఇవి చాలు. సాయంత్రం స్విచ్చి లాగితే అంకెల మీద పలచటి తేనెరంగు వెలుగు సమంగా పరుచుకుంది. ముల్లు నల్లగా, సన్నగా, దాని కొన ఏ గీత మీద ఉందో ఆ గీత మీదే ఉంది.

ఆ తర్వాత వచ్చిన కృత్తికకు వెళ్ళి వస్తూ, కొండ దగ్గర వరదమ్మను ఎక్కించుకుని ఇంటి దగ్గర దిగబెట్టడానికి బయల్దేరారు. చీకటి పడుతోంది. వరదమ్మ వెనక సీటులో సర్దుకుని కూర్చుని, ముందుకు వంగి చూసి, పెదవి విరిచింది.

“ఏమే, మళ్ళా మసక చేసేసినారే! ఆ పొద్దు ఎంత బాగుండె, సినిమా మాదిరి!”

“ఇంతే ఉండల్ల వదినా. మీటరు చూసే పని రొంత, రోడ్డు చూసే పని శానా,” అంది వనజాక్షి.

“ఏమో తల్లీ. నాకు అదే నచ్చింది,” అని వరదమ్మ వెనక్కి వాలి, ఒళ్ళో ప్రసాదం పొట్లం సరిచేసుకుని, ఇల్లు వచ్చేలోపల ఒక కునుకు తీయడానికి కళ్ళు మూసుకుంది. సుదర్శనం గేరు మార్చి, మెల్లగా వీధిలోకి తిప్పాడు.